బోర్డు మీద ఒకే ఒక్క సుత్తి

"ఇంత దూరం వచ్చారు గానీ వదినా, మీకిక్కడ పనేం లేదు. మనిషి దొరికాడు, సుత్తి దొరికింది. టీ తాగి వెళ్ళండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

వాళ్ళన్నయ్యతో నాకు తెగిపోయి చాలా ఏళ్ళయింది. ఈయనగారితో మాత్రం తెగలేదు. నాది ప్రైవేటు డిటెక్టివ్ పని. ఎక్కడ నేరం జరిగినా నేను వెళ్ళేసరికి తను అప్పటికే కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంటాడు. తెలివైనవాడే, కాదనను. ఆ సంగతి తనకి మరీ ఎక్కువగా తెలియడమే చిక్కు.

"టీ తర్వాత తాగుతాలే నాయనా. ముందు నీకు దొరికిన మనిషిని చూడనీ."

"చూడండి. మీ సరదా నేనెందుకు కాదనాలి? సాయంత్రం రిలీజ్ ఆఫీసరు వచ్చి సంతకం పెట్టేదాకా ఇక్కడే ఉంటాడు. ఆ తర్వాత నేరుగా జైలుకే."

జరిగిన సంగతి ఇదీ. అది బడిపిల్లలకి బల్లలూ కుర్చీలూ చేసే వడ్రంగి షెడ్డు. పనివాళ్ళంతా జైలు నుంచి విడుదలై వచ్చినవాళ్ళే. మధ్యాహ్నం భోజనం గంట కొట్టగానే అందరూ ఎదురుగా ఉన్న రేకుల పందిరి కిందికి వెళ్ళారు. ఆ సమయంలో షెడ్డు మేనేజరుని ఆయన గదిలోనే ఎవరో తల మీద కొట్టారు. ప్రాణం పోలేదు గానీ స్పృహ లేదు. ఆసుపత్రిలో పడి ఉన్నాడు. ఆ గది ముందు, మూసిన తలుపు ఎదురుగా నిలబడి దొరికినవాడు నిదానం.

అది వాళ్ళమ్మ పెట్టిన పేరు కాదు. ఏ పనైనా ఆచితూచి చేస్తాడని తోటివాళ్ళు తగిలించిన పేరు. కుర్రతనంలో కొట్లాటలో ఒకణ్ణి చంపి, పద్నాలుగేళ్ళు లోపలుండి, మంచి నడవడిక చూసి ముందుగా వదిలితే బయటికొచ్చాడు. ఆ వదలడంలో ఒక మెలిక ఉంది. కొత్త కేసులో పేరు రాసుకుని, విడుదలైనవాళ్ళని కనిపెట్టి ఉండే రిలీజ్ ఆఫీసరు సంతకం పెట్టాడంటే చాలు, విచారణతో పని లేకుండా మిగిలిన శిక్షంతా మళ్ళీ అనుభవించాలి.

నన్ను పిలిచింది వాళ్ళక్క. నా జాకెట్లు కుట్టేది ఆవిడే. మెళ్ళో కొలత టేపు కూడా తియ్యకుండా పరిగెత్తుకొచ్చి గేటు బయట నిలబడి ఉంది. పోలీసులు లోపలికి రానివ్వలేదు.

"వాడు ఇంటికొచ్చిన కొత్తలో బాత్రూం తలుపు ముందు కూడా నిలబడిపోయేవాడమ్మా," అంది. "ఎవరైనా తీస్తేగానీ లోపలికి వెళ్ళడు. నేను మిషను ఆపి, లేచెళ్ళి తీసేదాన్ని. ఇంట్లో ఇప్పుడిప్పుడే అలవాటైంది. బయట ఇంకా రాలేదు. అలాంటివాడు ఒకళ్ళ గదిలోకి దూరి కొడతాడా? ఆదివారం కూడా పనికి పోతాడు. ఎక్కడికిరా అంటే చెప్పడు, ఏం తెచ్చివ్వడు. అంత ఒళ్ళొంచి బతుకుతున్నవాణ్ణి మళ్ళీ తీసుకుపోతారంట."

కాసేపాగి, టేపు వేలికి చుట్టుకుంటూ, "ఈసారి పోతే వాడు వచ్చేసరికి నేనుండను," అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

నిదానాన్ని వార్నిష్ గదిలో కూర్చోబెట్టారు. స్టూలు అంచున, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఉన్నాడు. మణికట్ల దాకా బంక ఎండిపోయి, దాని మీద రంపపు పొట్టు పిండి చల్లినట్టు అంటుకుని ఉంది. నేను ఆ చేతులే చూస్తూ మొదలుపెట్టాను.

"మేనేజరు గది దగ్గరికి ఎందుకెళ్ళావు?"

"రమ్మన్నారమ్మా. భోజనం గంట కొట్టాక వచ్చి కనపడమన్నారు."

"వెళ్ళావు. తర్వాత?"

"తలుపు వేసుంది."

"తట్టావా?"

"లేదు. నిలబడ్డాను."

"లోపల ఏమైనా వినిపించిందా?"

తల దించుకున్నాడు. "మూలుగు."

"మూలుగు విని కూడా తలుపు తియ్యలేదా?" అన్నాను. నాకు ఓపిక తక్కువ. గొంతు నాకు తెలియకుండానే లేచింది.

"ఎవరైనా తియ్యాలనే అనుకున్నానమ్మా. తలుపు నేనే తియ్యొచ్చని అప్పుడు తోచలేదు. ఎవరో వస్తారు, తీస్తారు అని చూస్తున్నాను. లోపల ఆయన మూలుగుతూనే ఉన్నారు, నేను చూస్తూనే ఉన్నాను." తల ఇంకా కిందికి వాలింది. "కొట్టింది నేను కాదు. కానీ ఆయన పోతే అది నా వల్లే."

అబద్ధం చెప్పేవాడు ఇలాంటి అబద్ధం చెప్పడు. అయితే నేను నమ్మితే సరిపోదు. అవతల కుర్చీ వేసుకుని కూర్చున్నవాడు నమ్మాలి.

"మేనేజరు నీతో ఏం మాట్లాడాలనుకున్నాడు?"

"తెలీదు."

ఇది మాత్రం అబద్ధం. చెప్పేటప్పుడు వాడి కళ్ళు తలుపు వైపు పోయాయి.

"ఆదివారాలు ఎక్కడికి వెళ్తున్నావు?"

మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎక్కడికీ లేదమ్మా."

అప్పుడే బయట తాళంచెవుల గలగల వినిపించింది. తలుపు ఇంకా తెరుచుకోలేదు. నిదానం అప్పటికే లేచి, గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు.

లోపలికి వచ్చింది మాస్టారు. జైల్లో వడ్రంగి పని నేర్పే ఉద్యోగం చేసి రిటైరై, ఇక్కడ సూపర్‌వైజరుగా చేరాడు. విడుదలైనవాళ్ళ నడవడిక ఎలా ఉందో నెలనెలా రిలీజ్ ఆఫీసరుకి చెప్పేది కూడా ఆయనే. ఉతికిన చొక్కా, నడుముకి తాళంచెవుల గుత్తి, మెత్తటి గొంతు. నా కోసం తనే టీ గ్లాసు పట్టుకొచ్చాడు.

"కూర్చోరా, కూర్చో. ఇదేమన్నా జైలా?" అన్నాడు నవ్వుతూ. ఆయన కూర్చోమన్నాకే నిదానం కూర్చున్నాడు.

"మీరు చూసింది చెప్పండి మాస్టారూ," అన్నాను.

"ఏముందమ్మా, గంట కొట్టాక నేను వెనక కుళాయి దగ్గరికి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వీడు మేనేజరుగారి గది ముందు కాపలా కాస్తున్నట్టు నిలబడి ఉన్నాడు. ఏంట్రా అంటే మాట్లాడడు. తలుపు తీసి చూస్తే ఆయన నేల మీద పడి ఉన్నారు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వీడికి ఉలి పట్టుకోవడం నేర్పింది నేనే. చివరికి వీడి మీద నేనే చెప్పాల్సి వచ్చింది."

నాకు ఆయన మీద జాలి కూడా వేసింది. ఆ మాట దాచడం ఎందుకు?

"ఆసుపత్రిలో మేనేజరుగారి భార్య ఒక్కతే ఉంది. మంచినీళ్ళైనా తాగి ఉండదు. నేను వెళ్ళి కూర్చుని ఆవిణ్ణి కాసేపు ఇంటికి పంపిస్తాను," అని మాస్టారు సెలవు తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర వంకరగా ఉన్న కుర్చీని సరిచేసి మరీ వెళ్ళాడు.

"మనిషంటే అలా ఉండాలి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచి. "రండి వదినా, మీకు నా సాక్ష్యం చూపిస్తాను. తర్వాత మీకే సిగ్గేసి వెళ్ళిపోతారు."

మేనేజరు గదికి రెండు తలుపులు. ఒకటి షెడ్డులోకి, ఇంకోటి వెనక పెరట్లోకి. పెరట్లో కుళాయి. కుర్చీ పక్కకి పడి ఉంది. గచ్చు మీద నెత్తురు మరక అరచేతి కన్నా పెద్దది కాదు. మనిషి ఆ మరక నుంచి ముందు తలుపు వైపు కాస్త దూరం పాకినట్టు గీతలున్నాయి. ఆ తలుపుకి అవతలే నిదానం నిలబడి ఉన్నాడు. ఆ గీతల్ని తొక్కకుండా చుట్టూ తిరిగి నడిచాను.

"కొట్టాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "వెనక తలుపు తీసుకుని కుళాయి దగ్గరికెళ్ళి సుత్తి కడిగాడు. చుట్టూ తిరిగి షెడ్డులోకొచ్చి సుత్తి ఉండే చోట పెట్టేశాడు. ఏమీ ఎరగనట్టు ముందు తలుపు దగ్గర నిలబడ్డాడు. పనివాళ్ళలో గంట కొట్టాక పందిరి కిందికి రానివాడు వీడొక్కడే."

"చేతులు చూశావా? బంక మీద పొట్టు పొట్టులాగే ఉంది. కుళాయి కింద పెడితే ఉంటుందా?"

"ఎండిన బంక నీళ్ళకి పోదు వదినా."

"బంక పోదు. పొట్టు పోతుంది."

"తర్వాత మళ్ళీ పొట్టులో చెయ్యి పెట్టి ఉంటాడు. ఆ మాత్రం తెలివి లేకపోలేదు." నన్ను గెలిచానన్న సంతోషం దాచుకోవడం వాడికి చిన్నప్పటి నుంచీ రాదు. "అసలు సాక్ష్యం ఇంకా చూడలేదు మీరు. రండి."

షెడ్డు అవతలి చివర, మేనేజరు గది తలుపు దగ్గర నుంచి కనపడని గోడకి పెద్ద చెక్క బోర్డు ఉంది. దాని మీద ప్రతి పనిముట్టు ఆకారమూ ఎర్ర రంగుతో గీసి ఉంది. రంపం గీత మీద రంపం, ఉలి గీత మీద ఉలి తగిలించాలి. ఏది తగ్గినా ఖాళీ గీత కనిపించి పట్టిచ్చేస్తుంది. జైలు పనిశాలల్లో ఇలాంటివే ఉంటాయి. ఇక్కడ పెట్టించింది మాస్టారే.

"అదిగో సుత్తి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

పెద్ద కొయ్యసుత్తి, తన గీత మీద తను బుద్ధిగా వేలాడుతోంది. చెక్క తడికి నల్లబడి ఇంకా పూర్తిగా ఆరలేదు. సుత్తి తల పగుల్లో ఎర్రటి చార కనిపిస్తోంది.

"బయటివాడైతే దీన్ని చెత్తలో పారేసేవాడు," అన్నాడు. "కొట్టిన సుత్తిని కడిగి, తెచ్చి, దాని చోట దాన్ని తగిలించాలని ఎవడికి తోస్తుంది? జైలు మనిషికే. అక్కడ ఒక్క ఉలి తగ్గితే అందర్నీ బట్టలిప్పించి వెతుకుతారు. పద్నాలుగేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది?"

గేటు దగ్గర వేలికి టేపు చుట్టుకుంటున్న ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? బయట ఎవరి బండో ఆగితే రిలీజ్ ఆఫీసరేమోనని ఉలిక్కిపడ్డాను. కాదు, కర్ర దించే లారీ.

ఏదో ఒకటి దొరక్కపోతుందా అని బోర్డు వైపు మళ్ళీ చూశాను. చూస్తూ చూస్తూ ఉండగా, అంతసేపూ కళ్ళెదుట ఉన్నది అప్పుడు కనిపించింది.

"మిగతావి ఏవి నాయనా?"

"ఏ మిగతావి?"

"బోర్డంతా ఖాళీగా ఉంది. ఒక్క సుత్తి తప్ప."

నిజమే. ఉలి గీతలు ఖాళీ, రంపం గీతలు ఖాళీ, చిత్రిక గీతలు ఖాళీ. పనిముట్లన్నీ బోర్డు ముందున్న పొడుగాటి బల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి. భోజనం గంట కొట్టగానే పనివాళ్ళు పెట్టి వెళ్ళినవి పెట్టినట్టే ఉన్నాయి. తర్వాత ఎవరూ పని మొదలుపెట్టలేదు.

"అయితే ఏంటి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో ఆ ధీమా మాత్రం ఒక మెట్టు దిగింది.

"నీ మనిషిని ఒకసారి ఇక్కడికి పిలిపించు."

కానిస్టేబుల్ నిదానాన్ని తీసుకొచ్చాడు. నేను బల్ల మీంచి ఒక ఉలి తీసి చేతికిచ్చాను. "ఇది ఎక్కడ పెట్టాలో పెట్టెయ్. త్వరగా."

నిదానం ఉలి అందుకున్నాడు. రెండడుగులు వేసి బల్ల మీద, పిడి అవతలి వైపుకి ఉండేలా పెట్టాడు. ఒక అడుగు వెనక్కి వేసి, రెండు అరచేతులూ ఖాళీగా ఉన్నాయని చూపిస్తూ నిలబడ్డాడు. బల్లకి అవతల ఎవరూ లేరు. అయినా నిలబడే ఉన్నాడు.

"అక్కడ కాదు. బోర్డుకి తగిలించు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నిదానం ఉలి తీసుకుని బోర్డు వైపు వెళ్ళాడు. చెయ్యి పైకి లేచింది. గీతకి జానెడు దూరంలో ఆగిపోయింది. వణకడం మొదలుపెట్టింది.

"తగిలించమంటుంటే," అని గద్దించాడు ఇన్‌స్పెక్టర్.

"బోర్డు మేం ముట్టుకోకూడదండీ." చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ముట్టుకుంటే వారం ఒంటరిగదిలో వేసేవాళ్ళు. మేం బల్ల మీద పెట్టాలి, చేతులు చూపించాలి. లెక్క చూసి తగిలించేది మాస్టారే. ఇక్కడా అంతే. పొద్దున ఆయనే తీసిస్తారు, సాయంత్రం ఆయనే తగిలిస్తారు."

నేను వాడి చేతిలోంచి ఉలి తీసుకుని బల్ల మీద పెట్టాను.

"అలవాటు సంగతి బాగా చెప్పావు నాయనా," అన్నాను. "సగమే చెప్పావు. జైల్లో పద్నాలుగేళ్ళు ఉన్నవాడు సుత్తిని బల్ల మీద పెడతాడు. జైల్లో ఉద్యోగం చేసినవాడు తగిలిస్తాడు. ఆ బోర్డుకి తగిలించే చేతులు ఈ షెడ్డులో ఒక్కరివే. ఇంకోటి చెప్పు. నిదానం కుళాయి దగ్గర సుత్తి కడిగాడన్నావు. ఆ సమయంలో కుళాయి దగ్గర ఉన్నానని తన నోటితో తను చెప్పింది ఎవరు?"

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచి మూశాడు. వాణ్ణి అలా చూడాలని నాకు చాలా రోజులుగా కోరిక. తీరా చూసేసరికి సంతోషపడే తీరిక లేకపోయింది.

"నిదానం, ఇప్పుడైనా చెప్పు. ఆదివారాలు ఎవరింట్లో పని చేస్తున్నావు?"

వాడు తాళంచెవుల చప్పుడు కోసం విన్నాడు. రాలేదు.

"మాస్టారింట్లో. నేనే కాదు, అందరం. బీరువాలు, మంచాలు చేయించి బయట అమ్ముకుంటారు. రానంటే నడవడిక బాగాలేదని ఆఫీసరుకి ఒక్క మాట చెప్తానంటారు. మళ్ళీ లోపలికే." గుటక మింగాడు. "మేనేజరుగారికి ఎలాగో తెలిసింది. నిన్న నన్నడిగారు. భయపడి లేదన్నాను. రేపు మధ్యాహ్నం రా, మాస్టారు లేకుండా మాట్లాడుకుందాం, ఆఫీసరుకి నేనే చెప్తాను అన్నారు. అప్పుడే గది బయట తాళంచెవుల చప్పుడు వినిపించింది."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫోను తీసి మేనేజరు భార్యకి కలిపాడు. అందరికీ వినపడేలా పెట్టాడు. వెనక బస్సు హారను, కండక్టరు కేకలు.

"ఇంటికెళ్తున్నానండీ," అందావిడ. "మాస్టారు వచ్చి కూర్చున్నారు. కాసేపు నడుం వాల్చి రమ్మన్నారు. మా ఆయనకి కొంచెం తెలివొస్తున్నట్టుందండీ. ఇందాక వేళ్ళు కదిపారు. మాస్టారికి చూపించే వచ్చాను."

వెంటనే జీపు ఎక్కాం. నిదానాన్ని వదిలి రావడానికి వీల్లేక వాణ్ణీ ఎక్కించుకున్నాం. గేటు దాటేటప్పుడు వాళ్ళక్క జీపు వెంట నాలుగడుగులు పరిగెత్తింది. తమ్ముణ్ణి జైలుకే తీసుకుపోతున్నామనుకుంది పాపం. ఆగి చెప్పే వ్యవధి లేదు. ఇన్‌స్పెక్టర్ ఆసుపత్రికి ఫోను మీద ఫోను చేస్తున్నాడు. ఎవరూ ఎత్తడం లేదు. నేను లోలోపల వాణ్ణీ, డ్రైవరునీ, ఎదురొచ్చే ప్రతి బండినీ తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆసుపత్రిలో లిఫ్టు పైన ఎక్కడో ఆగిపోయింది. గది నంబరు కోసం ఇన్‌స్పెక్టర్ కౌంటరులో ఉన్నామె మీద విరుచుకుపడుతున్నాడు. ఆమె నంబరు చెప్పడం ఆలస్యం, నా పక్క నుంచి ఎవరో దూసుకుపోయారు. నిదానం. మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నాడు. వాడికి ఆ పేరు పెట్టినవాళ్ళు ఆ పరుగు చూసి ఉండరు.

నేనూ ఎక్కాను, ఇన్‌స్పెక్టర్ నా వెనక. పై వరండాకి చేరేసరికి నాకు ఊపిరి అందడం లేదు. చివర గది. తలుపు మూసి ఉంది.

దాని ముందు నిదానం నిలబడి ఉన్నాడు.

చేతులు ఒంటికి ఆనించి, తల కాస్త వంచి, అలాగే నిలబడిపోయాడు. మధ్యాహ్నం జరిగింది మళ్ళీ నా కళ్ళ ముందే జరగబోతోందని వరండా వెంట పరిగెత్తాను.

లోపల్నించి మూలుగు వినిపించింది. సన్నగా, సగంలో ఎవరో నొక్కేసినట్టు.

నిదానం చెయ్యి లేచింది. బోర్డు ముందు వణికిన చెయ్యే, ఇప్పుడూ వణుకుతూనే ఉంది. తలుపు పిడి పట్టుకుని తోసేశాడు.

మేనేజరు మొహం మీద ఆక్సిజన్ మాస్కు లేదు. అది మాస్టారి ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి మేనేజరు నోటి మీద ఉంది. మాస్టారు వెనక్కి తిరిగాడు. నన్ను చూడలేదు, ఇన్‌స్పెక్టర్‌ని చూడలేదు. గుమ్మంలో ఉన్నవాణ్ణి మాత్రమే చూశాడు. ఆ మెత్తటి గొంతు ఎటు పోయిందో పోయింది.

"తలుపు ఎవరు తియ్యమన్నారురా నిన్ను?"

"ఎవరూ చెప్పలేదు మాస్టారూ," అన్నాడు నిదానం. "నేనే తీశాను."

అని లోపలికి అడుగు పెట్టి, ఆయన చేతిలోంచి మాస్కు లాక్కున్నాడు.